తర్వాతి సంఖ్య

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

పోగొట్టుకోవడం, స్నేహం, మళ్ళీ ముందుకు సాగడం. ఈ మూడింటి మీద మాట్లాడమని మన సంఘం పెద్దలు నాకు చెప్పారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. ముప్ఫై ఏళ్ళకు పైగా పంపులు, గొట్టాలు, వాల్వులు చూసుకుంటూ బతికిన ఇంజినీరుని. రాకెట్ల మధ్య పెరిగాను గానీ రాకెట్లు చేసినవాణ్ణి కూడా కాను. అందుకని నాకు తెలిసిన దారిలోనే వస్తాను. ముందు శ్రీహరికోట గురించి నాలుగు మాటలు చెప్పి, ఆ తర్వాత మా బ్యాచి గురించి చెబుతాను.

శ్రీహరికోట అనగానే బయటివాళ్ళకు టీవీలో చప్పట్లు గుర్తొస్తాయి. మనకు అలా కాదు. రాకెట్ ఎగిరితే పండగ ఏ ఇంట్లో జరుగుతుందో, పడిపోతే దీపం పెట్టడం కూడా మరిచిపోయే ఇల్లు ఏదో మనకు తెలుసు. గెలుపు దేశమంతటిదీ. ఓటమి మాత్రం ముందుగా మన క్వార్టర్సుకే వచ్చేది.

1979 ఆగస్టు 10, శుక్రవారం. నేను నాలుగో తరగతి. ఉదయం ఎనిమిది కావస్తుండగా ఎస్‌ఎల్‌వీ-3 లేచింది. 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువు, నాలుగు దశలు. పిల్లలం డాబా మీద కేకలు పెట్టాం. పొగ చార చెదిరిపోయేదాకా చూసి, కిందికి దిగి, బడికి వెళ్ళాం. ఐదు నిమిషాల చిల్లర గడిచేసరికి అది బంగాళాఖాతంలో పడిపోయిందని మధ్యాహ్నానికి తెలిసింది. ఆ రాత్రి మా నాన్న ఎప్పుడొచ్చారో నాకు తెలీదు. పొద్దున లేచేసరికి పక్కింటి తమిళ మామీ ఇచ్చిన ఇడ్లీలు మా ఇంట్లో ఉన్నాయి, వాళ్ళింట్లో మా అమ్మ చేసిన పప్పు ఉంది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. నాన్న మాత్రం మొహం కడుక్కుని, అదే చొక్కా మార్చుకుని, అదే బస్సెక్కారు.

తర్వాత తేలిందేమిటంటే, రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు మూసుకోవలసినప్పుడు మూసుకోలేదు. ఆమ్లం కారిపోయింది. అంతే. వాల్వులతో బతికేవాణ్ణి కాబట్టి ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. వేలమంది ఏళ్ళ తరబడి చేసిన పని అరచేతిలో పట్టే వస్తువు దగ్గర ఆగిపోవచ్చు.

ఆనాడు ఇస్రో అధిపతి సతీష్ ధావన్ గారు. ప్రాజెక్టు బాధ్యత కలాం గారిది. ఓటమి రోజున పత్రికలవాళ్ళ ముందుకు ధావన్ గారు తానే వెళ్ళి, ఆ బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జులై 18న అదే ఎస్‌ఎల్‌వీ-3 రోహిణిని కక్ష్యలో పెట్టినప్పుడు, కలాం గారిని ముందుకు పంపి తాను వెనక ఉన్నారు. ఈ సంగతి కలాం గారు ఎన్నో సభల్లో చెప్పారు. మీలో చాలామంది విన్నారు. దీన్ని నాయకత్వ పాఠంగా చెబుతారు. నాకు మాత్రం ఇది స్నేహ పాఠంగా కనిపిస్తుంది. నష్టం వచ్చినవాడి గుమ్మం ముందు నిలబడి, వచ్చేపోయేవాళ్ళ ప్రశ్నలకు తాను జవాబు చెప్పేవాడే స్నేహితుడు. లోపల ఉన్నవాడికి ఆ కాసేపు మాట్లాడక్కర్లేని వీలు దొరుకుతుంది.

ఇంకో సంగతి. ఆ రెండు తేదీలూ శుక్రవారాలే. నడుమ సరిగ్గా 49 వారాలు. అంత త్వరగా తేరుకున్నారా అని ఆశ్చర్యపోతాం. అయితే అన్నిసార్లూ అలా జరగలేదు. ఏఎస్‌ఎల్‌వీ సంగతి చూడండి. 1987 మార్చి 24న మొదటిది పోయింది. 1988 జులై 13న రెండోదీ పోయింది. మూడోది ఎగిరింది 1992 మే 20న. రెండో దెబ్బకీ మూడో ప్రయత్నానికీ నడుమ నాలుగేళ్ళకు కాస్త తక్కువ. ఆ నాలుగేళ్ళూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. రెండుసార్లు ఎందుకు పోయిందో గాలి ఒత్తిడి దగ్గర్నుంచీ తిరిగి లెక్కలు కట్టారు.

దుఃఖంలో ఉన్నవాళ్ళకు మనం అలవాటుగా చెప్పే మాట ఒకటుంది. "ఎన్నాళ్ళని ఇలా ఉంటావు, లే" అంటాం. మంచి మనసుతోనే అంటాం. కానీ ఒక నష్టానికి 49 వారాలు పడుతుంది, ఇంకోదానికి నాలుగేళ్ళు పడుతుంది. రెండూ ఇదే దీవిలో, ఇంచుమించు అదే మనుషుల చేతుల్లో జరిగాయి. ఎంతకాలం అన్నది నష్టం నిర్ణయిస్తుంది. చూడ్డానికొచ్చిన చుట్టం నిర్ణయించలేడు.

1993 సెప్టెంబరు 20న పీఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగం. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి బయటి ఊళ్ళో ఉన్నాను. మోటార్లన్నీ బాగానే మండాయి. రెండో దశ విడిపోయేటప్పుడు పుట్టిన కుదుపును సరిదిద్దాల్సిన ప్రోగ్రాములో ఒక తప్పు ఉండటంతో ఉపగ్రహం కక్ష్యకు చేరలేదు. ఒక ఏడాదీ 25 రోజుల తర్వాత, 1994 అక్టోబరు 15న, రెండోది గెలిచింది. ఆ పీఎస్‌ఎల్‌వీయే తర్వాత 2008లో చంద్రయాన్-1ను, 2013లో మంగళయాన్‌ను మోసుకెళ్ళింది.

ఇక్కడ ఒక చిన్న విషయం మీ దృష్టికి తెస్తాను. పోయిన రాకెట్టు పేరు పీఎస్‌ఎల్‌వీ-డీ1. గెలిచినదాని పేరు డీ2. మొదటిది పోయింది కదా, గెలిచినదాన్నే ఒకటో నంబరు చేద్దాం అని ఎవరూ అనలేదు. ఎస్‌ఎల్‌వీలోనూ అంతే, ఏఎస్‌ఎల్‌వీలోనూ అంతే. జాబితా తీసి చూడండి. తమాషా ఏమిటంటే, అదే జాబితాలో సీ12 తర్వాత సీ14 ఉంటుంది, సీ13 కనబడదు. పదమూడును దాటేశారు గానీ, సముద్రంలో కలిసిన ఒక్క రాకెట్టు సంఖ్యను కూడా దాటెయ్యలేదు! మనవాళ్ళు పదమూడుకు జంకారో లేదో గానీ, ఓటమికి మాత్రం జంకలేదు.

ముందుకు సాగడం అంటే నాకు అర్థమైంది ఇదే. జరిగినదాన్ని తుడిచేసి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. జరిగినది జాబితాలో ఉండగానే దాని కింద తర్వాతి సంఖ్య వెయ్యాలి.

ఇక్కడితో ఆపేస్తే మంచి ప్రసంగమే అవుతుంది. కానీ అది సగం నిజమే అవుతుంది. రాకెట్టుకు రెండో నంబరు ఉంటుంది. మనిషికి ఉండదు.

2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోట ఘన ఇంధన విభాగంలో పేలుడు జరిగి ఆరుగురు చనిపోయారు. ఆ ఏడాదే సెప్టెంబరు 20న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్01 ఇక్కడి నుంచే లేచి, ఎడ్యుశాట్ అనే విద్యా ఉపగ్రహాన్ని పైకి తీసుకెళ్ళింది. ఏడు నెలలు కూడా నిండలేదు. సంస్థ పని సాగింది. సాగాలి కూడా. కానీ ఆ ప్రయోగం ఆ ఆరు ఇళ్ళకు ఓదార్పు అయిందని ఏ నోటితో అనగలం? సంస్థ ముందుకు సాగడం వేరు, ఇల్లు ముందుకు సాగడం వేరు. రెండింటినీ ఒకే కొలతతో కొలవకూడదు.

అలాగే, మనం పెరిగిన ఈ నేల గురించి కూడా చెప్పుకోవాలి. ఇది కేంద్రం రాకముందు ఖాళీ దీవి కాదు. అటు సముద్రానికీ ఇటు మన పెద్దలు ప్రళయకావేరి అని పిలిచిన పులికాట్ సరస్సుకూ నడుమ, ఈ అడవిలో తరతరాలుగా యానాదులు ఉన్నారు. తేనె ఏ చెట్టు మీద ఉందో, దుంప ఏ ఇసుకలో ఉందో వాళ్ళకు తెలుసు. ప్రయోగ కేంద్రం కోసం గూడేలు కదలవలసి వచ్చింది. మన గర్వానికి పునాది వాళ్ళు వదిలిన చోటు. నష్టంలోంచి పాఠం నేర్చుకోండి అని వాళ్ళకు చెప్పే అర్హత నాకు లేదు. పోగొట్టుకున్నవాడు తనంతట తాను పాఠం చెప్పుకుంటే అది జ్ఞానం. పక్కవాడు చెబితే ఉచిత సలహా. కాబట్టి ఇకమీదట నేను చెప్పేది నా సొంత నష్టం గురించే.

మా బ్యాచి వాళ్ళకు తెలుసు నేను ఎవరి గురించి చెప్పబోతున్నానో. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నా పక్కన కూర్చున్నవాడు. హాజరు పట్టీలో 23వ నంబరు. పేరు చెప్పను, వాడికి మైకులో పేరు వినబడితే సిగ్గు. లెక్కల్లో నాకన్నా దిట్ట. తెలుగు పద్యం అప్పజెప్పేటప్పుడు మాత్రం మూడో పాదం దగ్గర ఆగి నా వైపు చూసేవాడు. నేను పెదాలు కదిపేవాణ్ణి. మన తెలుగు మాస్టారు చూసీ చూడనట్టు కిటికీలోంచి సరుగుడు తోట వైపు చూసేవారు. మాస్టారూ, మీరు ఇప్పుడు నవ్వుతున్నారు గానీ ఆనాడు మీకు తెలుసని మాకూ తెలుసు.

2021 మే నెలలో, కోవిడ్ రెండో విడతలో, వాడు పోయాడు. వయసు యాభై ఒకటి. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఎవరం వెళ్ళలేకపోయాం. చివరి చూపుకి భార్యను, కూతుర్ని కూడా దూరంగా నిలబెట్టారు. ఆ నెల ఎంతమంది ఇళ్ళల్లో ఇలాగే జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ హాల్లోనే ఎన్నో ఇళ్ళున్నాయి.

కబురు తెలిసిన రాత్రి మా వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. నలభై దాకా. ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో సూళ్లూరుపేటలో టైర్ల కొట్టు నడిపే మావాడు ఒకడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. బళ్ళో చివరి బెంచీ. "దండాలు చాల్లేరా. ఇప్పుడు ఏందేంది పనుంది, ఎవురెవురు చేస్తారు, అది చెప్పండి" అన్నాడు. ఒక ప్రయోగం పోయాక విశ్లేషణ కమిటీ కూర్చునేది ఇలాగేనేమో అనిపించింది నాకు.

పనులు రాసుకుంటే పదకొండు తేలాయి. ఆసుపత్రి కాగితాలు ఒకటి. మరణ ధ్రువపత్రం ఒకటి. భవిష్య నిధి ఒకటి. ఇంటి అప్పుకు బీమా ఉందో లేదో చూడటం ఒకటి. వాడి ఫోను, బ్యాంకు ఖాతాలు చెల్లెమ్మ పేరుకు మార్చడం ఒకటి. ఇంజినీరింగు రెండో ఏడు చదువుతున్న అమ్మాయి ఫీజు ఒకటి. ఇలా ఒక్కొక్కటి ఒక్కొక్కరు తీసుకున్నాం. మస్కట్‌లో ఉన్నవాడు ఒకటి, బెంగుళూరులో ఉన్న ఆమె ఒకటి, చెన్నైలో ఉన్నవాడు ఒకటి. ఎవరి పని వాళ్ళది. పూర్తయ్యాక గ్రూపులో "అయింది" అని ఒక్క మాట. బీమా పనికి తొమ్మిది నెలలు పట్టింది. తీసుకున్నవాడు తొమ్మిది నెలలూ వదల్లేదు.

పదకొండో పనికి పేరు లేదు. వాడి అమ్మ సూళ్లూరుపేటలో ఒక్కతే ఉంది. కొడుకును చూడకుండానే కొడుకు పోయాడు. ఆమెకు కాగితాలతో పనిలేదు. టైర్ల కొట్టువాడు రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి, ఒక పెరుగు ప్యాకెట్టు తీసుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళి, అరుగు మీద పావుగంట కూర్చుని వచ్చేవాడు. ఏం మాట్లాడేవాడివిరా అని అడిగాను. "ఏం మాట్లాడేదేముంది. ఆయమ్మ ఏడిస్తే కూర్చుంటా, ఏడవకపోయినా కూర్చుంటా" అన్నాడు. ఆ మాట విన్నాక నేను చదివిన చదువంతా ఒక పక్కన పెట్టాను. ఆ తల్లి ఇప్పటికీ ఉంది. వాడు ఇప్పటికీ వెళ్తున్నాడు. రోజూ కాదు, వారానికి రెండుసార్లు. పెరుగు మాత్రం మానలేదు.

ఈ సంఘటనలోంచి నేను నేర్చుకున్నవి మూడే. పెద్దవి కావు, ఎవరైనా చెయ్యగలిగినవి.

మొదటిది. "ఏదైనా అవసరమైతే చెప్పు" అని అనకండి. దుఃఖంలో ఉన్నవాళ్ళకు అవసరం ఏమిటో తెలిసే శక్తి కూడా ఉండదు. మీరే ఒక పని ఎంచుకుని "ఇది నేను చూస్తా" అనండి. చిన్నదైనా ఫర్వాలేదు, పూర్తి చెయ్యండి.

రెండోది. పదో రోజు తర్వాత వెళ్ళండి. పెద్దకర్మ దాకా ఇల్లు నిండా జనం ఉంటారు. ఆ మర్నాటి నుంచే ఇల్లు పెద్దదైపోతుంది. నెల తర్వాత, ఆర్నెల్ల తర్వాత, మొదటి పండక్కి, ఆ మనిషి పుట్టినరోజుకి ఒక ఫోను చెయ్యండి. అప్పుడు చేసే ఫోను విలువ వేరు.

మూడోది. పోయినవాళ్ళ పేరు ఎత్తండి. బాధపడతారేమో అని మనం ఆ పేరు దాటేస్తాం. వాళ్ళు బాధలోనే ఉన్నారు, మనం కొత్తగా పెట్టేదేం లేదు. ఆ పేరు ఎవరూ ఎత్తకపోతేనే, నా మనిషిని లోకం మరిచిపోయిందని వాళ్ళకు అనిపిస్తుంది.

ఈ మూడోది మాకు ఇటీవలే గట్టిగా తెలిసింది. ఈ స్వర్ణోత్సవానికి ఒక్కో బ్యాచి చందా జాబితా పంపమన్నారు కదా. మా జాబితా తయారుచేసిన మిత్రుడు 23వ నంబరు తీసేసి, 24ను పైకి జరిపాడు. అందులో తప్పేం లేదు, ఎవరైనా అలాగే చేస్తారు. గ్రూపులో పెట్టిన పది నిమిషాలకు బెంగుళూరు ఆమె రాసింది, "నా నంబరు 31. నన్ను 30 చెయ్యొద్దు" అని. అంతే రాసింది. జాబితా మళ్ళీ మారింది. 23 దగ్గర వాడి పేరు వచ్చింది, ఎదురుగా గడి ఖాళీ. నాలుగు రోజుల తర్వాత ఆ గడి నిండింది. కట్టింది వాడి కూతురు. చదువు ముగించి ఇప్పుడు ఉద్యోగంలో ఉంది. నాకు ఫోన్ చేసి, "పెదనాన్నా, నాన్న పేరు మీదే రాయండి, నా పేరు వద్దు" అంది. జ్ఞాపిక చివరి పేజీల్లో 1986 బ్యాచి జాబితా చూడండి. 23వ నంబరు ఉంది.

చంద్రయాన్ సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. 2019 జులై 22న చంద్రయాన్-2 ఇక్కడి నుంచే వెళ్ళింది. సెప్టెంబరు 7 తెల్లవారుజామున దిగే చివరి నిమిషాల్లో ల్యాండరు పోయింది. దేశమంతా కళ్ళు తుడుచుకుంది. కానీ దాని ఆర్బిటరు మాత్రం పోలేదు. చంద్రుడి చుట్టూ తిరుగుతూనే, ఫొటోలు తీస్తూనే ఉంది. 2023లో చంద్రయాన్-3 వెళ్ళినప్పుడు ఎక్కడ దిగాలో ఎంచుకోవడానికి ఆ ఫొటోలు పనికొచ్చాయి. ఆగస్టు 23న దిగడానికి రెండు రోజుల ముందు, పాత ఆర్బిటరుకూ కొత్త ల్యాండరుకూ సంకేతాలు కలిశాయి. "రా నేస్తం" అని పాతది కొత్తదాన్ని పలకరించిందని ఇస్రోవాళ్ళు సరదాగా ప్రకటించారు.

సరదాకి అన్నా, అందులో నిజం ఉంది. ఏది పోయినా పూర్తిగా పోదు. ఏదో ఒకటి తిరుగుతూ ఉంటుంది. వాడు పోయాడు. వాడి కూతురు ఉంది, వాడి అమ్మ ఉంది, వాడి పేరు మీద ఏర్పడ్డ మా పదకొండు పనుల అలవాటు ఉంది. ఆ తర్వాత మా బ్యాచిలో మరో ఇద్దరి ఇళ్ళల్లో కష్టం వచ్చింది. రెండుసార్లూ ఆ రాత్రికే పనుల చీటీ తయారైంది. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది.

చివరగా మన సంఘానికి ఒక విన్నపం. యాభై ఏళ్ళ పండగ చేసుకుంటున్నాం, సంతోషం. మన బ్యాచిల్లో ముందు వరసలన్నీ ఇప్పుడు అరవై దాటుతున్నాయి. కబుర్లు ఇకమీదట తరచుగా వస్తాయి. కాబట్టి ప్రతి బ్యాచి నుంచీ ఇద్దరిని పెట్టుకుందాం. సభలకీ సన్మానాలకీ కాదు. ఎవరింట్లోనైనా కష్టం వస్తే ఆ రాత్రి చీటీ రాయడానికి. మా బ్యాచి నుంచి ఒక పేరు ఇప్పుడే ఇస్తున్నాను. టైర్ల కొట్టు మూసి వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు చూడండి, వాడే. రెండో పేరు నాది.